పార్కు ఎవరి జాగీరూ కాదు, అందరి అమానత్



రెండేళ్ళ కింద రంజాన్ ఈద్ మరుసటి రోజు సంగతి. ఫజ్ర్ నమాజ్ అయ్యాక మస్జిద్ నుంచి ఇంటికి నడిచి వస్తున్నాను. మా కాలనీ పార్కు గేటు తెరిచి ఉంది. లోపల ఒక పెద్దాయన ఒంగి ఏదో ఏరుతున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే మా వెనక వీధిలో ఉండే రిటైర్డ్ టీచర్ సారు. ఒక చేతిలో ఖాళీ ఎరువుల సంచి, ఇంకో చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని గడ్డిలో పడి ఉన్న పేపర్ కప్పులు ఏరి సంచిలో వేస్తున్నారు. కప్పుల అడుగున ఎండిపోయిన పాలు, సేమియా. వాటికి చీమలు పట్టాయి.

అవి మన షీర్ ఖుర్మా కప్పులు. ముందు రోజు అసర్ తర్వాత మన ఖాందాన్లన్నీ పిల్లల్ని తీసుకుని ఆ పార్కుకే వచ్చాయి. కొత్త బట్టలు, అత్తరు, ఊయల దగ్గర పిల్లల గోల. చూడముచ్చటగా ఉండింది. మగ్రిబ్ అజాన్ కాగానే అందరం లేచి వెళ్ళిపోయాం. కప్పులు అక్కడే ఉండిపోయాయి. వాటిలో మా ఇంటివి కూడా ఉండే ఉంటాయి.

"ఈద్ ముబారక్ భాయ్" అన్నారు సారు నన్ను చూసి. కప్పుల గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. నేనూ ఏదో ఒక బహానా చెప్పుకుని ఇంటికి పోయేవాణ్ణి. ఆయన ఏమీ అనకపోయేసరికి నాకు పోవడానికి కాళ్ళు రాలేదు. సంచి మూతి పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి నేనూ ఒంగాను.

ఆ రోజు మొదలైంది. ఇప్పుడు పోతిరెడ్డిపల్లిలో మా కాలనీ పార్కుకు ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటల ఖిద్మత్ చేసే పది పన్నెండు మందిలో నేనూ ఒకణ్ణి. ఈ ముచ్చట గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. రియా నుంచి అల్లాహ్ కాపాడాలి. ఆ పది పన్నెండు మందిలో మనవాళ్ళు ముగ్గురమే. సాయంత్రం పార్కులో కూర్చునేవాళ్ళలో సగం మంది మనవాళ్ళు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా గురించే ఈ వ్యాసం.

పోతిరెడ్డిపల్లి తెలియని వాళ్ళకు ఒక మాట. హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్, కంది దాటి వస్తే సంగారెడ్డి పట్టణంలోకి తిరిగే చౌరస్తా మాది. ఒకప్పుడు ఊరు. ఇప్పుడు ఊరేదో పట్టణమేదో చెప్పలేం. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మూడంతస్తుల ఇళ్ళయ్యాయి. తెల్లవారితే కంపెనీ బస్సులు, రాత్రంతా లారీలు. లేఅవుట్ కాగితంలో పిల్లల కోసమని వదిలిన ఆ కాస్త జాగానే మాకు పార్కు. నాలుగు బెంచీలు, రెండు ఊయలలు, ఒక జారుడు బండ, చుట్టూ నడిచే బాట, కొన్ని వేప, కానుగ చెట్లు, గన్నేరు పొదలు. ఇంతే. కానీ ఈ ఇంతే లేకపోతే మా పిల్లలకు హైవే దుమ్ము తప్ప ఇంకేం లేదు.

మన బెల్టు సంగతి మీకు కొత్తగా చెప్పాలా? పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో పడి, నక్కవాగు మంజీరలో కలిసి, మధ్యలో ఉన్న పల్లెల పొలాలు, బోర్లు ఎట్లా పాడయ్యాయో పెద్దవాళ్ళందరికీ తెలుసు. దాని మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు గారు తన దగ్గరికి వచ్చే రోగుల ఒళ్ళు చూసి, ఇది మందులతో పోయే మర్జ్ కాదని కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అతి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల పట్టీ వేస్తే అందులో పటాన్‌చెరు–బొల్లారం ఉంది. ఇట్లాంటి చోట పది చెట్లున్న జాగా షోకు కాదు, జరూరత్. ఊపిరి పీల్చుకునే కిటికీ అది.

మరి ఆ జాగాను చూసుకోవడానికి మనం ఎందుకు ముందుకు రావడం లేదు? ఈ రెండేళ్ళలో మస్జిద్ బయట, చాయ్ హోటల్లో, షాదీఖానాల్లో నేను చాలా మందిని అడిగాను. నాలుగు జవాబులు వచ్చాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి జవాబు నవ్వుతూ వచ్చింది. నేను పార పట్టుకుని పార్కులో ఉంటే దోస్త్ ఒకడు బైకు ఆపి, "క్యా మియాఁ, కచ్రా ఉఠానే కీ నౌకరీ లగ్ గయీ క్యా?" అన్నాడు. మజాక్ గానే అన్నాడు. కానీ ఆ మజాక్ లోపల ఏముందో మనకు తెలుసు. చెత్త ఎత్తడం తక్కువ పని, అది చేసేవాళ్ళు తక్కువ మనుషులు అనే ఖయాల్. ఇస్లాంలో ఊంచ్ నీచ్ లేదని జుమా ఖుత్బాలో వింటాం, చీపురు పట్టడానికి వస్తే మాత్రం మనకు ఒక కులం గుర్తుకొస్తుంది. ఇది దీన్ నుంచి వచ్చింది కాదు, చుట్టూ ఉన్న సమాజం నుంచి మనం కూడా ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకున్న సామాను.

మదీనాలో మస్జిద్-ఎ-నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ సంగతి బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆమె ఇంతెఖాల్ అయితే సహాబాలు ఇదేం పెద్ద విషయం అనుకున్నారేమో, హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లంకు చెప్పకుండానే దఫన్ చేశారు. కొన్నాళ్ళకు ఆయనే ఆమె ఏదని అడిగారు. పోయిందని చెబితే, నాకెందుకు చెప్పలేదన్నారు. ఖబర్ ఎక్కడో చూపించమని అడిగి అక్కడికి వెళ్ళి ఆమె కోసం నమాజ్ చదివారు. ఊడ్చే మనిషి కనిపించకపోతే అడిగిన నబీ ఉమ్మత్ మనం. మన వీధి ఊడ్చే అమ్మ పేరు మనలో ఎంతమందికి తెలుసు? పార్కులో రెండు ఆదివారాలు పనిచేశాకే నేను ఆమెను పేరడిగాను. అంతకు ముందు పదేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నాను.

రెండో జవాబు గట్టిది. "టాక్స్ కడుతున్నాం కదా భాయ్, అది వాళ్ళ పని. మనం చేస్తే వాళ్ళు ఇంకా కూర్చుంటారు." ఈ మాటను నేను కొట్టిపారేయను. నిజంగానే ఖతరా ఉంది. మా బోరు మోటారు కాలిపోతే అర్జీలు పట్టుకుని నాలుగు నెలలు తిరిగాం. చివరికి ఒక ఆఫీసులో, "మీరు బాగానే చూసుకుంటున్నారు కదా సార్, మీరే చందా వేసుకుని చేయించుకోండి" అన్నారు. అంటే మేము చేసిన ఖిద్మతే మాకు ఎదురు జవాబయింది.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవాలి. 2019లో వచ్చిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. అదే చట్టం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలంటుంది. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, సీనియర్ సిటిజన్లకు ఒకటి, పేరున్న పెద్దలకు ఒకటి. ఒక్కొక్క దాంట్లో 15 మంది. నాలుగు పదిహేన్లు అరవై. మీ వార్డు అరవైలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఆ కమిటీలు కూర్చుంటున్నాయో లేదో ఎవరైనా అడిగారా? అడిగే హఖ్ మనకు ఉంది, కానీ అడగడానికి వెళ్ళే ముందు మన చేతికి కాస్త మట్టి అంటి ఉంటే ఆ అడగడంలో తాఖత్ వేరుగా ఉంటుంది. ఏ మొక్క ఎప్పుడు ఎండింది, మోటారు ఏ తారీఖున కాలింది, లైటు ఎన్ని రోజుల నుంచి వెలగడం లేదు, ఇవన్నీ పార్కులో పనిచేసేవాడికే తెలుస్తాయి. మేము అవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాం. అర్జీతో పాటు ఆ నోట్‌బుక్కు జెరాక్స్ పెట్టాక ఐదో నెలలో మోటారు వచ్చింది.

ఇంకో ఖతరా కూడా చెప్పాలి. వాలంటీర్లు ఉన్నారని మాలీని తీసేస్తే అది ఖిద్మత్ కాదు, ఒక గరీబు రోజీ మీద దెబ్బ. మేము ముందే ఒక మాట అనుకున్నాం. మాలీ చేసే పని మేము లాక్కోం. నీళ్ళు పెట్టడం, గడ్డి కోయడం ఆయన జీతం పని. ఏరడం, మొక్కలకు పాదులు తీయడం, ట్రీ గార్డులు సరిచేయడం, పిల్లలకు చెప్పడం మా పని. వాలంటీర్ జీతగాడికి సాయం చేయాలి, ఆయన కుర్చీ కింద గొయ్యి తవ్వకూడదు.

దూరదేశం మిసాల్ ఒకటి. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్ 843 ఎకరాలు. 1970ల్లో నగరం దగ్గర డబ్బుల్లేక ఆ పార్కు పాడుబడింది. 1980లో పౌరులే ఒక సంస్థ పెట్టుకుని, చందాలు కూడగట్టి, వాలంటీర్లను పిలిచి, తోటమాలుల్ని పెట్టి దాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు ఆ పార్కు నడిపేది చాలా వరకు ఆ సంస్థే. గొప్ప పనే. కానీ దాని చుట్టూ ఉన్నవాళ్ళు దౌలత్‌మంద్‌లు. గరీబు మహల్లా పార్కుకు అంత చందా ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే నా రాయి ఏమిటంటే, డబ్బు సర్కారుదే కావాలి, మహబ్బత్ మనది కావాలి. రెండూ ఒకదానికొకటి బదులు కావు.

మూడో జవాబు గుసగుసగా వచ్చింది. "అక్కడ వాళ్ళు మనల్ని కలుపుకుంటారా? కొబ్బరికాయ కొడతారు, పూజ చేస్తారు, మనం ఏం చేయాలి?" ఇది చాలా మంది మనసులో ఉన్న మాట. నా తజుర్బా ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి వానాకాలం మొక్కలు నాటే రోజు నిజంగానే కొబ్బరికాయ కొట్టారు. నేను నాలుగడుగులు పక్కకు జరిగి పైపు చుట్ట విప్పుకుంటూ నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. అయ్యాక సారు, "రా భాయ్, నీ చేత్తో నాటు" అని వేప మొక్క ఇచ్చారు. బిస్మిల్లాహ్ అని నాటాను. దానికీ ఎవరూ ఏమీ అనలేదు. నా ఈమాన్ నా దగ్గర, వాళ్ళ నమ్మకం వాళ్ళ దగ్గర, మొక్క మాత్రం ఇద్దరిదీ. తర్వాత ఏడాది నాటే ముందు ఎవరికి వాళ్ళు మనసులో దువా చేసుకుందామని ఆయనే అన్నారు. నేను అడగలేదు. రెండు గంటలు పక్కపక్కన తవ్వుకున్న మనుషులకు ఇట్లాంటివి చెప్పకుండానే అర్థమవుతాయి.

అందరూ ఇట్లాగే ఉన్నారని అనను. ఒకాయన మొదటి రోజుల్లో నన్ను చూసి, "మీవాళ్ళకు ఇప్పుడైనా తెలివొచ్చింది" అన్నాడు. మనసుకు తగిలింది. ఆ మాటకు జవాబుగా నేను పార్కుకు పోవడం లేదు. ఇది బాగా అర్థం చేసుకోండి. మనం మంచివాళ్ళమని ఎవరికో సర్టిఫికెట్ చూపించడానికి చీపురు పట్టకూడదు. ఇంకొకరి సర్టిఫికెట్ కోసం చేసే పని సర్టిఫికెట్ రాగానే ఆగిపోతుంది, రాకపోయినా ఆగిపోతుంది. మన నీయత్ అల్లాహ్ కోసం, మన పడోసీ హఖ్ కోసం ఉండాలి. దాని వల్ల దిల్‌లు దగ్గరైతే అల్హందులిల్లాహ్, కాకపోతే సవాబ్ ఎక్కడికీ పోదు.

నాలుగో జవాబు, టైమ్ లేదు. ఇది చెప్పే హఖ్ కొందరికి నిజంగానే ఉంది. మూడు షిఫ్టుల డ్యూటీ చేసి, ఆదివారం కూడా ఓవర్ టైమ్‌కు పోయే తమ్ముళ్ళను నేను రమ్మనను. వాళ్ళు వచ్చి చెట్టు కింద పడుకుంటే చాలు. కానీ ఆదివారం పొద్దున పది దాకా పడుకునేవాళ్ళం కూడా మనలో ఉన్నాం, ఫోన్‌లో రీల్స్ చూసే టైమ్ మనకు ఉంది. నేనూ షిఫ్టు మనిషినే, అందుకే ధైర్యంగా అంటున్నాను.

దీన్ ఏం చెబుతుందని అడిగేవాళ్ళకు, నేను ఆలిమ్‌ను కాదు. కానీ మనందరం మక్తబ్‌లో విన్నవే కొన్ని గుర్తు చేస్తాను. ఒక ముసల్మాన్ నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా అది నాటినవాడి ఖాతాలో సదఖా. దారిలో బాధపెట్టే వస్తువును తీసేయడం ఈమాన్ శాఖల్లో ఒకటి. జనం నడిచే దారిలో, జనం కూర్చునే నీడలో మలమూత్రాలతో గలీజు చేయడం లానత్ తెచ్చే పని అని హెచ్చరిక ఉంది. నీడ మాట గమనించారా? పద్నాలుగు వందల ఏళ్ళ కింద, ఎడారిలో, చెట్టు నీడ అందరి సొత్తు అని, దాన్ని పాడుచేసినవాడు జనం హఖ్ తిన్నవాడని చెప్పిన దీన్ మనది. పార్కు అంటే అదే కదా, అందరి నీడ. ఖియామత్ వచ్చేస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటేయమన్న మాట కూడా మనం వింటూనే పెరిగాం. ఫలం మనం చూస్తామా లేదా అన్నది లెక్కలోకే రాదు.

మన తారీఖ్‌లో బాగ్‌లకు కొదవ లేదు. బెంగళూరు లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు సుల్తాన్ దేశదేశాల మొక్కలు తెప్పించి పెంచాడు. హైదరాబాద్‌లో నిజాంల కాలపు బాగ్-ఎ-ఆమ్‌లో ఇవాళ్టికీ పొద్దున్నే వందల మంది నడుస్తారు, పక్కనే షాహీ మస్జిద్‌లో నమాజ్ అవుతుంది. వీటి గురించి మాట్లాడితే మన ఛాతీ ఉబ్బుతుంది. ఉబ్బనివ్వండి. కానీ లాల్‌బాగ్ ఇన్ని శతాబ్దాలు నిలబడింది సుల్తాన్ పేరు మీద కాదు. పేరు తెలియని మాలీలు రోజూ నీళ్ళు పోస్తే నిలబడింది. పూర్వీకుల బాగ్‌ల మీద ఫఖర్ పడుతూ మన వీధి పార్కులో గుట్కా ఉమ్మితే ఆ ఫఖర్‌కు అర్థం లేదు. మన తెలంగాణలోనే ఖమ్మం జిల్లాలో దరిపల్లి రామయ్య గారు పాత సైకిల్ మీద విత్తనాలు, మొక్కలు పెట్టుకుని జీవితమంతా నాటుతూనే తిరిగారు. వనజీవి అని జనమే పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయారు. ఏ సుల్తానూ కాదు. మామూలు మనిషి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పోయిన ఎండాకాలం మా పార్కు గ్రూపులో ఒక ప్రస్తావన వచ్చింది. మధ్యాహ్నం పూట పార్కులో బయటి రాష్ట్రాల కూలీలు పడుకుంటున్నారు, ఖైనీ తిని ఉమ్ముతున్నారు, ఆడవాళ్ళకు ఇబ్బందిగా ఉంది, కాబట్టి గేటుకు తాళం వేసి కాలనీ వాళ్ళకే కార్డులు ఇద్దామని. చాలా మంది సరేనన్నారు. మనవాళ్ళు కూడా సరేనన్నారు. ఆడవాళ్ళ ఇబ్బంది అబద్ధం కాదు, మా ఇంట్లో కూడా ఆ మాట అన్నారు.

నాకు మాత్రం మనసొప్పలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది బిహార్, ఒడిశా, ఉత్తర్‌ప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. ఆ రోజుల్లో మనం అందరం అయ్యో అన్నాం, దువా చేశాం, స్టేటస్‌లు పెట్టాం. ఆ మనుషులే బతికి ఉన్నప్పుడు నైట్ డ్యూటీ దిగి, రేకుల గదిలో ఉడుకు తట్టుకోలేక చెట్టు కిందికి వస్తే తాళం వేయాలా? చచ్చిపోయినవాడికి దువా, బతికున్నవాడికి తాళమా?

ఆ మాట మీటింగులో అన్నాను. గొంతు కాస్త పెరిగింది కూడా. ఒకాయన, "మీరు ఎప్పుడూ బయటివాళ్ళ వైపే మాట్లాడతారు" అన్నాడు. ఆ "మీరు"లో ఏముందో నాకు అర్థమైంది. జవాబు ఇవ్వలేదు. అప్పుడు సారు లేచి ఒక మాటన్నారు. "నాటేటప్పుడు నీడ ఎవరి మీద పడాలో మొక్కకు మనం చెప్పలేదు కదా." అంతే అని కూర్చున్నారు.

తాళం ఆగిపోయిందని చెప్పాలని ఉంది కానీ పూర్తిగా ఆగలేదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఐదు దాకా తాళం, పగలంతా తెరిచే అని తేలింది. పిల్లల ఊయలల వైపు బెంచీలు ఆడవాళ్ళకూ పిల్లలకూ అని బోర్డు పెట్టాం. కూలీ తమ్ముళ్ళతో హిందీలో మాట్లాడే పని నాకు అప్పగించారు. వెళ్ళి కూర్చుని మాట్లాడితే, మమ్మల్ని ఎవరూ ఇంతవరకు పలకరించలేదని ఒకతను అన్నాడు. అతనిది బిహార్. ఇప్పుడు ఆదివారం సెలవు దొరికితే అతనే వచ్చి గునపం పట్టుకుంటాడు. మా అందరికంటే గట్టిగా తవ్వుతాడు. ఈ ఎండాకాలం మళ్ళీ తాళం మాట వస్తుందని నాకు తెలుసు. అప్పుడు ఆ మీటింగులో మనవాళ్ళు ముగ్గురమే ఉంటామా, ముప్పై మంది ఉంటారా అన్నదే నా ఫికర్.

ఎందుకంటే పార్కు ఎవరికి తెరవాలి, ఎవరికి మూయాలి అన్న ఫైసలా ఆ పార్కులో పనిచేసేవాళ్ళే చేస్తున్నారు. రానివాళ్ళకు అందులో మాట లేదు. ఇవాళ బిహార్ తమ్ముడికి తాళం అన్నారు. రేపు బుర్ఖా వేసుకుని నడిచే మా ఆపాలు బాటకు అడ్డం అంటే? ఎల్లుండి ఈద్ నాడు గుంపులు వద్దంటే? అప్పుడు ఫిర్యాదు చేయడం కంటే ఇప్పుడు గునపం పట్టుకోవడం మేలు. ఇది డర్‌తో చెప్పడం లేదు. ఇల్లు ఊడ్చేవాడికే ఇంటి మాటల్లో చోటు ఉంటుంది, ఇది మన అమ్మీలు ఎప్పటి నుంచో చెబుతున్నదే.

ఆడవాళ్ళ గురించి కూడా ఒక మాట. మన ఇళ్ళల్లో షుగర్, బీపీ లేని ఖాలా దొరకడం కష్టమైంది. డాక్టర్ నడవమంటాడు. ఎక్కడ నడవాలి? మస్జిద్ మగవాళ్ళతో నిండి ఉంటుంది, బజారు బండ్లతో నిండి ఉంటుంది. పార్కు ఒక్కటే మిగిలింది. మా పార్కులో ఫజ్ర్ తర్వాత వచ్చే ఖాలాలు నలుగురు ఉన్నారు. లైట్లు వెలగని రోజు వాళ్ళు రారు. కాబట్టి ఒక లైటు బాగుచేయించడం అంటే నలుగురు ఖాలాల సెహత్. ఈ లెక్క చూస్తే చిన్న పని అనేది లేదని తెలుస్తుంది.

చివరగా, మన నుంచి అయ్యే కొన్ని పనులు చెబుతాను. పెద్ద తంజీమ్ పెట్టనక్కర్లేదు, బ్యానర్ అసలే వద్దు.

ఒకటి, ఈద్ సాయంత్రం పార్కుకు వెళ్ళే ప్రతి ఖాందాన్ ఇంటి నుంచి ఒక ఖాళీ సంచి తీసుకెళ్ళాలి. స్టీలు గ్లాసులు తీసుకెళ్తే ఇంకా మంచిది. మగ్రిబ్‌కు లేచే ముందు పిల్లల చేతే ఏరించాలి. ఈదీ ఇచ్చే ముందు ఈ పని పెడితే వద్దనే పిల్లవాడు ఉండడు.

రెండు, బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలు, ఎముకలు పార్కు గోడ పక్కన పడేయడం బంద్ కావాలి. ఆ వాసనకు కుక్కలు చేరతాయి, ఆ కుక్కలు తర్వాత మన పిల్లల్నే కరుస్తాయి. ఖుర్బానీ ఎంత ముఖ్యమో, అయ్యాక సఫాయీ కూడా అంతే ముఖ్యమని ఇమామ్ సాబ్‌లు ఈద్‌కు ముందు జుమాలో చెప్పాలి. మా ఇమామ్ సాబ్ పోయినసారి చెప్పారు. ఫరఖ్ కనిపించింది.

మూడు, వుజూ నీళ్ళు. ఒక్కొక్క నమాజ్‌కు ఎన్ని బకెట్ల నీళ్ళు మోరీలోకి పోతున్నాయో చూడండి. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీళ్ళు వృథా చేయొద్దని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళం. సబ్బు కలవని ఆ నీళ్ళు చెట్లకు బాగా పనికొస్తాయి. మస్జిద్ దగ్గర పార్కు ఉన్నచోట ఒక చిన్న ట్యాంకు, ఒక పైపు పెడితే ఎండాకాలం నాలుగు నెలలు ఆ మొక్కలు బతుకుతాయి. మా మస్జిద్ కమిటీ ముందు ఈ మాట పెట్టాను. ఇంకా తేల్చలేదు. మీరూ మీ కమిటీల్లో పెట్టండి, ఎవరైనా ముందు మొదలుపెడితే మావాళ్ళకు చూపిస్తాను.

నాలుగు, నాటడం కంటే బతికించడం మీద దిల్ పెట్టండి. హరితహారం 2015లో మొదలైనప్పటి నుంచి మనందరం ఫొటోలకు చాలా మొక్కలు నాటాం. మా పార్కులో మొదటి ఏడాది మేము నాటిన వాటిలో సగం కూడా మిగల్లేదు. రెండో ఏడాది తక్కువ నాటి, ఒక్కో మొక్కను ఒక్కో ఇంటికి అమానత్‌గా అప్పగించాం. ఆ ఇంటి పిల్లవాడి పేరు కట్టెముక్క మీద రాసి గుచ్చాం. ఈసారి చాలా వరకు బతికాయి. మొక్క కూడా యతీమ్ బిడ్డ లాంటిదే, ఇది నాది అనే మనిషి ఒకరు కావాలి.

ఐదు, మీ వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. ఖాళీ ఉంటే పేరు ఇవ్వండి. మీరు ఇవ్వకపోతే మీ బేగమ్ పేరు ఇవ్వండి, ఆమె మీకంటే బాగా మాట్లాడుతుంది.

ఆ రోజు సారు సంచిలో నుంచి ఒక కప్పు జారి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి చూస్తే అడుగున ఒక బాదం పలుకు అతుక్కుని ఉంది. మా ఇంట్లో షీర్ ఖుర్మాలో బాదం అట్లాగే సన్నగా, పొడుగ్గా కోస్తారు. అది మా కప్పే అని కసమ్ చేయలేను, కాదని కూడా చేయలేను. ఇప్పుడు ఈద్ సాయంత్రం మా ఇంట్లో స్టీలు గ్లాసులు సర్దుతున్నప్పుడు మా చిన్నది అడుగుతుంది, "అబ్బా, సారు తాతకు కూడా ఒక గ్లాసు పెట్టనా?" అని. పెట్టమంటాను. ఆయన పార్కులో బెంచీ మీద కూర్చుని తాగి, గ్లాసు కుళాయి కింద కడిగి మరీ ఇస్తారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు గేటు దగ్గర ఉంటాం. పారలు ఉన్నాయి, మనుషులే కావాలి.

ఖుదా హాఫిజ్.